గుల్మార్గ్‌లో ఆఫ్-పీస్ట్ స్కీయింగ్: ఫిబ్రవరిలో నలుగురం పోదామనుకుంటున్నాం, చూసొచ్చినవాళ్ళు చెప్పండి

మూసీగట్టు (నల్లగొండ)
అందరికీ నమస్తే. మేం నలుగురం దోస్తులం, ముగ్గురిది నల్లగొండ, ఒకడిది నకిరేకల్, ఉద్యోగాలు హైదరాబాద్‌లో. రెండేళ్ళ కింద మనాలి దగ్గర సోలాంగ్‌లో వారం రోజులు స్కీయింగ్ నేర్చుకున్నాం. పోయిన చలికాలం జార్జియాలో గుదౌరికి పోయి ఆరు రోజులు చేశాం. అక్కడ మెషిన్లతో దువ్వి చదును చేసిన బాటలుంటాయి, వాటినే పీస్ట్ అంటారు, ఇప్పుడు వాటి మీద పడకుండానే దిగుతున్నాం. చివరి రోజు సాయంత్రం ఆ బాట పక్కన మోకాలి లోతు కొత్త మంచులోకి పొరపాటున పోయాను, ఒక ఇరవై మీటర్లు దిగి బొక్కబోర్లా పడ్డాను, కానీ ఆ ఇరవై మీటర్లు చప్పుడు లేకుండా తేలుతూ దిగిన తీరు ఇంకా మర్చిపోలేదు. ఈసారి అదే, అంటే బాట బయట దువ్వని మంచులో దిగే ఆఫ్-పీస్ట్, చేయాలని కాశ్మీర్‌లోని గుల్మార్గ్ అనుకున్నాం. ఫిబ్రవరిలో అయిదు రోజులు, బుధవారం పోయి ఆదివారం వాపస్. రూమ్ ఎక్కడ తీసుకోవాలి, సామాను కొనాలా కిరాయికి దొరుకుతుందా, గైడ్ తప్పనిసరా? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లాన్ తప్పుంటే మొహమాటం లేకుండా తిట్టండి.

పాలమూరు_ట్రెక్కర్ (మహబూబ్‌నగర్)
తమ్మీ, తిట్టమన్నావు కాబట్టి మొదలుపెడుతున్నా. ముందు ఆ అయిదు రోజుల లెక్క కొట్టెయ్. నేను మూడుసార్లు పోయిన. గుల్మార్గ్ ఊరు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటది. అక్కడి నుంచి గొండోలా, అంటే తీగ మీద పోయే కేబుల్ కారు, మొదటి దశ కొంగ్‌దూరి దాకా పోతది, అది 1998లో మొదలైంది. రెండో దశ 2005లో వచ్చింది, అది నిన్ను అఫర్వాట్ కొండ భుజం మీద, 3,950 మీటర్ల దగ్గర దింపుతది. నీకు కావాల్సిన మంచంతా ఆ రెండో దశ మీదనే. తిరకాసు ఏందంటే, పెద్ద మంచు పడ్డ తెల్లారి, అంటే నువ్వు ఎగిరి గంతేసే రోజే, రెండో దశ మూసేస్తరు. గాలి ఎక్కువున్నా మూతే. పేరుకున్న మంచు ఒక్కసారి జారకుండా కొండ మీద భద్రత చూసే స్కీ ప్యాట్రోల్ టీం బాంబులు పెట్టి కావాలనే జార్చి, చూసుకుని, అప్పుడు తెరుస్తరు. పోయినసారి నేను 8 రోజులున్న, రెండో దశ తెరిచింది 4 రోజులే. నువ్వు అయిదు రోజుల్లో రాకపోకలకు రెండు తీసేస్తే మిగిలేది మూడు. ఆ మూడు రోజులూ నువ్వు ఊళ్ళో కూసొని నూన్ చాయ్, అదే కాశ్మీరీల ఉప్పు చాయ్, తాగి రావచ్చు.

ఇంకోటి, గుదౌరి లెక్క దువ్విన బాటలు గుల్మార్గ్‌లో కిలోమీటర్ల కొద్దీ ఉండవు. మొదటి దశ కింద కొంచెం, కొంగ్‌దూరి నుంచి మేరీ షోల్డర్‌కు పోయే చెయిర్‌లిఫ్ట్ కింద కొంచెం. రెండో దశ ఎక్కితే ఇక అంతా దువ్వని మంచే. భయమైతే అదే గొండోలాలో కిందికి దిగొచ్చు, అందులో సిగ్గేం లేదు, నేను రెండుసార్లు దిగిన.

సూర్యాపేట_పెద్దాయన
నాయనా, నాకు ఈ ఆటలు తెల్వవు, అడుగుతున్నా అంతే. మే నెలలో 45 డిగ్రీల ఎండలో పుట్టి పెరిగినోళ్ళం. మనకు చలంటే సంక్రాంతి ముందు పొద్దుగాల బోరు నీళ్ళతోటి స్నానం. అసలు మంచు మీదికి పోవుడే వింత, పోయినోడు మంచిగ చదును చేసిన బాట ఉండంగ దాన్ని వదిలిపెట్టి పోవుడెందుకు? తారు రోడ్డు ఇడిసి చెలకల పడి పోయినట్టు గాదా?

మూసీగట్టు
పెద్దాయనా, సరిగ్గా పట్టుకున్నరు, చెలకల పడి పోవుడే. కానీ తొలకరి వానకు దుక్కి దున్నిన చెలకలో చెప్పుల్లేకుండా నడిస్తే కాలు దిగబడుతూ మెత్తగా ఉంటది చూడు, ఆ సుఖం తారు రోడ్డు మీద రాదు. గంతే.

ట్రెక్కర్ అన్నా, లీవు 9 రోజులకు పెంచే ప్రయత్నం చేస్తా. ఒకడి మేనేజర్ కొంచెం గట్టి మనిషి.

వనపర్తి_టు_ఇన్స్‌బ్రుక్
మాది వనపర్తి దగ్గర, ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌లో 9 ఏళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడ ప్రతి చలికాలం బాట వదిలి వెళ్తుంటాను, అవలాంచ్ (కొండ మీది మంచు చరియ జారిపడటం) కోర్సు రెండుసార్లు చేశాను. నీ పోస్టులో రూమ్ గురించి అడిగావు, సామాను గురించి అడిగావు, మంచు చరియ గురించి ఒక్క మాట అడగలేదు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

బాట మీద పడితే ప్యాట్రోల్ వాళ్ళు వస్తారు. బాట బయట చరియ కింద పడితే నిన్ను బతికించేది నీ పక్కనున్న ముగ్గురే, హెలికాప్టర్ కాదు, పోలీసు కాదు. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని పదిహేను నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారని పాత లెక్క, ఇప్పుడు ఆ గడువు ఇంకా తక్కువే అంటున్నారు. అరగంట దాటితే బతికేది ముగ్గురిలో ఒక్కరు. మంచు ఆగిన వెంటనే సిమెంటు లాగా గట్టిపడుతుంది, చేతులతో తవ్వలేవు, లోపలున్నవాడు వేలు కూడా కదపలేడు.

అందుకని ప్రతి మనిషి ఒంటి మీద మూడు వస్తువులు. ఒకటి ట్రాన్స్‌సీవర్, బీకన్ అని కూడా అంటారు, 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతుంది, వెతికేవాళ్ళు దాన్నే వెతికే మోడ్‌కు మార్చుకుంటారు. రెండోది మడతపెట్టే పొడవాటి కడ్డీ, ప్రోబ్, మంచులో గుచ్చి మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి. మూడోది పార, అల్యూమినియంది, ప్లాస్టిక్‌ది పనికిరాదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ బరువే. గుల్మార్గ్‌లో కిరాయికి దొరుకుతాయి, బ్యాటరీ చూసి తీసుకోండి.

అసలు ప్రశ్న ఇప్పుడు అడుగుతున్నా. మీ నలుగురిలో బీకన్ వాడటం ఎంతమందికి వచ్చు?

మూసీగట్టు
నిజం చెప్పాలంటే ఒక్కడికీ రాదు. నేను వీడియో చూశాను.

నకిరేకల్_నవ్వు
ఆ నలుగురిలో నేనొకణ్ణి. మీరందరూ మావాణ్ణి మస్తు భయపెడుతున్నరు. ఇప్పుడు ఫోన్‌లో మంచి మ్యాప్ యాప్‌లు ఉన్నయి, వాలు ఎంతుందో రంగుల్లో చూపిస్తయి, ముందు పోయినోళ్ళ ట్రాక్ దొరుకుతది, దాని మీదనే పోతే అయిపాయె. గైడ్‌కు రోజుకు అన్ని వేలు ఇచ్చుడు దండగ. ఆ పైసలతో ఇంకో రెండు రోజులు ఉండొచ్చు.

పాలమూరు_ట్రెక్కర్
నవ్వు తమ్మీ, నీ పేరు బాగుంది కానీ ఇది నవ్వే సంగతి కాదు. ముందు పోయినోడి గీత చూసి పోవుడు అన్నిటికన్నా పెద్ద తప్పు. వాడు నిన్న పోయిండు, రాత్రి గాలి కొట్టింది, ఇవ్వాళ్ళ ఆ వాలు అదే వాలు కాదు. 2023 ఫిబ్రవరి 1న ఇదే అఫర్వాట్ మీద హాపత్‌ఖుడ్ దగ్గర చరియ పడి పోలండ్ వాళ్ళు ఇద్దరు చనిపోయిన్రు. 2024 ఫిబ్రవరి 22న ఖిలన్‌మార్గ్ వైపు ఒక రష్యన్ చనిపోయిండు, స్థానికులు ఎవరూ తోడు లేకుండ పోయిన్రని అప్పుడు వార్తల్లో వచ్చింది. వాళ్ళంతా చిన్నప్పటి నుంచి మంచులో పెరిగిన దేశాలోళ్ళు, మనలెక్క నల్లరేగడోళ్ళు కాదు. 2010 ఫిబ్రవరిలో అక్కడ శిక్షణలో ఉన్న సైనికుల మీదనే చరియ పడి పదిహేను మందికి పైగా చనిపోయిన్రు.

పైగా అఫర్వాట్ వెనక దిక్కు నియంత్రణ రేఖ. యాప్‌లో గీత బాగుందని అటు దిగినవంటే అవలాంచ్ ఒక్కటే నీ సమస్య కాదు.

నల్లమల_నడక (అచ్చంపేట)
నేను ఏటా చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోతాను, ఆ లోయలోకి దిగేటప్పుడు రాళ్ళు జారితే ఎట్లుంటదో తెలుసు. అక్కడ ఒక పద్ధతి ఉంది, ముందు పోయేవాళ్ళు దిగి పక్కకు జరిగిందాకా పైవాళ్ళు కాలు కదపరు. మంచులో కూడా అంతేనా? ఊరికే తెలుసుకోవాలని.

వనపర్తి_టు_ఇన్స్‌బ్రుక్
అన్నా, అచ్చం అంతే, చెప్పడం మర్చిపోయాను. అనుమానమున్న వాలు మీద ఒక్కొక్కరే దిగాలి. ముందు దిగినవాడు చరియ దారికి అడ్డం లేని చోట, గుట్ట చాటున ఆగాలి, మిగతావాళ్ళు కళ్ళు తిప్పకుండా చూస్తుండాలి. వాడు కూరుకుపోతే చివరిసారి ఎక్కడ కనపడ్డాడో అక్కడి నుంచే వెతుకుడు మొదలవుతుంది.

నవ్వు గారూ, యాప్‌లో రంగులు మంచివే, నేను కూడా వాడతాను. కానీ వాలు ఒక్కటే లెక్క కాదు. చరియలు ఎక్కువ పడేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మన ఇళ్ళ మేడమెట్లు అటు ఇటుగా 30, 35 డిగ్రీలుంటాయి, ఈసారి ఎక్కేటప్పుడు కింద నిలబడి ఒకసారి చూడండి. స్కీయింగ్‌కు మజా వచ్చేది కూడా సరిగ్గా ఆ వాలు మీదనే, అదే గొడవంతా.

యాప్‌కు కనపడనిది మంచు లోపలి పొరలు. చలికాలం మొదట్లో పలుచగా పడిన మంచు, ఎండ రోజుల్లో, చలి రాత్రుల్లో కింద చక్కెర పలుకుల్లాగా విడివిడిగా అయిపోతుంది. దాని మీద కొత్త మంచు, గాలి తెచ్చిపోసిన మంచు పలకలాగా గట్టిపడుతుంది. పళ్ళెంలో చక్కెర పోసి దాని మీద జొన్న రొట్టె పెట్టి పళ్ళెం వంచి చూడండి. ఊరికే వంచితే కాసేపు ఆగుతుంది, వేలితో తడితే రొట్టె రొట్టెంతా ఒక్కసారి జారుతుంది. ఆ వేలు మీరే, స్కీలేసుకుని రొట్టె మీద ఎక్కినవాళ్ళు. చాలాసార్లు మనిషిని ముంచే చరియను కదిలించేది ఆ మనిషో, పక్కనున్న దోస్తో.

మంచు మీద నిలబడితే కింద నుంచి "వుంఫ్" అని బరువుగా చప్పుడొచ్చి, నేల కుంగినట్టు అనిపిస్తే ఆ రోజుకు వాలు మీదికి పోవద్దు. పక్క వాలు మీద కొత్తగా చరియ పడిన గుర్తున్నా అంతే.

ఇంకోటి. ప్రమాద స్థాయి 1 నుంచి 5 దాకా చెప్తారు. 5 అంటే ఎవడూ పోడు. చావులు ఎక్కువయ్యేది 3 రోజున. మూడంటే మధ్యలో ఉంది కదా, సగం మార్కులొచ్చినట్టే అనుకుంటారు మనవాళ్ళు.

నకిరేకల్_నవ్వు
సరే. రొట్టె అర్థమైంది. మా అమ్మను అడిగి చేసి చూసిన కూడా, నిజంగనే జారింది, తర్వాత తిట్లు పడ్డయి.

గద్వాల_అక్క
ఆలస్యంగా వచ్చాను. నేను గుల్మార్గ్‌లోనే కేంద్ర పర్యాటక శాఖ వాళ్ళ స్కీయింగ్, మౌంటెనీరింగ్ సంస్థలో బేసిక్ కోర్సు చేశాను, 34 ఏళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తల్లిని. నాకంటే సగం వయసు పిల్లలు నన్ను దాటిపోతుంటే మొదట్లో ఏడుపొచ్చేది. ఇలాంటి కోర్సులు మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరున్న సంస్థలో కూడా ఉంటాయి. తమ్ముడూ, మీ 13 రోజుల అనుభవం తక్కువ కాదు, కానీ దువ్విన బాట మీద తిరగడం వేరు, లోతు మంచులో తిరగడం వేరు. బాట మీద ఒక కాలు మీద బరువు వేస్తే స్కీ తిరుగుతుంది. లోతు మంచులో అట్లా వేస్తే ఆ కాలు దిగబడుతుంది, ఇంకో కాలు తేలుతుంది, మీరు ముందుకు బోర్లా పడతారు. రెండు కాళ్ళ మీదా సమంగా, రెండు స్కీలనూ ఒకే పలకలాగా చేసుకుని దిగాలి. వెనక్కి వాలాలని మనసు లాగుతుంది, వాలితే తొడలు పది నిమిషాల్లో మండిపోతాయి.

నా సలహా, మొదటి మూడు రోజులు కొంగ్‌దూరి చుట్టుపక్కల ఒక మంచి ఇన్‌స్ట్రక్టర్‌తో, ఆ తర్వాతే పైకి, అది కూడా గైడ్‌తో. స్కీలు కొనొద్దు, అక్కడే వెడల్పువి కిరాయికి తీసుకోండి. మీరు సోలాంగ్‌లో వాడిన సన్నపువి ఈ మంచులో మునుగుతాయి, కాలి కింద 100 మిల్లీమీటర్లు దాటిన వెడల్పుండాలి. బూట్లు మాత్రం ఒక పూట కేటాయించి వేసుకుని చూడండి. పెద్ద సైజు తీసుకుని రెండు జతల సాక్సులు తొడిగితే వెచ్చగా ఉంటుందనుకుంటారు, అది తప్పు, కాలు ఆడుతుంది, రక్తం ఆగుతుంది, ఇంకా చల్లబడుతుంది. ఒక్క జత ఉన్ని సాక్సులు చాలు. కాటన్ బనియన్ ఇంట్లో పెట్టి పోండి, చెమట పట్టిందంటే ఆరదు.

ఆడవాళ్ళు ఎవరైనా ఆలోచిస్తుంటే నన్ను అడగండి, పైన కొండ మీద బాత్రూం సంగతి నుంచి అన్నీ చెప్తాను, మగవాళ్ళెవరూ అది రాయరు.

డాక్టరమ్మ_మిర్యాలగూడ
ఒక మాట నా వైపు నుంచి. ఊరు 2,650లో ఉంది కాబట్టి రాత్రి నిద్రకు చాలామందికి ఇబ్బంది ఉండదు. కానీ గొండోలా మిమ్మల్ని కాసేపట్లోనే ఇంకో 1,300 మీటర్లు పైకి లేపుతుంది, శరీరం అంత తొందరగా అలవాటుపడదు. మొదటి రోజు పైకి పోవద్దు. పైన తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే "కొంచెంసేపు చూద్దాం" అనొద్దు, కిందికి దిగండి, మందు అదే. దిగినా తగ్గకపోతే, నడక తూలితే, కూర్చున్నా ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి. బీపీ, షుగరు, ఆస్తమా ఉన్నవాళ్ళు పోయేముందు వాళ్ళ డాక్టరును కలవాలి. చలిలో దాహం వేయదు, అయినా నీళ్ళు తాగుతుండాలి. వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే రుద్దొద్దు, మంచుతో అసలే రుద్దొద్దు, చంకలో పెట్టుకుని వెచ్చబరచండి. గాగుల్స్ లేకుండా ఒక్క పూట తిరిగినా సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టవుతుంది. రాత్రి మందు పార్టీ ఆఖరి రోజుకు పెట్టుకోండి, మీ ఇష్టం, చెప్పాల్సింది చెప్పాను.

ప్రయాణం_పిచ్చి (దేవరకొండ)
ఇన్సూరెన్స్ గురించి ఎవరూ రాయలేదు, నా చేదు అనుభవం రాస్తున్నా. మూడేళ్ళ కింద విదేశంలో, పేరెందుకు, బాట పక్కన రెండు చెట్ల మధ్య నుంచి పోయి మోకాలి లిగమెంట్ తెంపుకున్నాను. బాటకు సరిగ్గా నాలుగు మీటర్ల దూరం. పాలసీ కొనేటప్పుడు ఫోన్‌లో "వింటర్ స్పోర్ట్స్ కవర్ ఉంది సార్" అన్నారు. క్లెయిమ్ పెడితే, ఆ కాగితాల 23వ పేజీలో "గుర్తించిన బాటల మీద మాత్రమే" అనే లైను చూపించారు. స్లెడ్జ్ మీద కిందికి తెచ్చినందుకు, స్కానింగ్‌కు, అన్నీ నా జేబులోంచే. ఏడు నెలలు ఉత్తరాలు రాసుకున్నాం, ఆఖరికి ఏమీ రాలేదు, ఆ కంపెనీ పేరు చెప్పను, తలుచుకుంటేనే బీపీ.

కాబట్టి మూడు మాటలు వెతకండి పాలసీలో: బాట బయట ఉందా, గైడ్ లేకుండా పోయినా వర్తిస్తుందా, ఎత్తు మీద పరిమితి ఉందా. చాలా దేశీయ ప్రయాణ పాలసీల్లో సాహస క్రీడలు అసలే ఉండవు. ఫోన్‌లో చెప్పింది నమ్మకండి, మెయిల్‌లో రాయించుకోండి.

మూసీగట్టు
అన్నా, మోకాలు ఇప్పుడెట్లుంది?

ప్రయాణం_పిచ్చి
వాన పడేముందు వాతావరణ శాఖ కన్నా ముందు నాకు తెలుస్తది.

మూసీగట్టు
సరే, ప్లాన్ మారింది. 9 రోజులు. గైడ్ ఖాయం. ఇప్పుడు ఇంట్లో సమస్య. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత మా అమ్మకు కాశ్మీర్ పేరెత్తితేనే టెన్షన్. రోజూ ఫోన్ చేస్తానని చెప్పాను.

పాలమూరు_ట్రెక్కర్
రోజూ ఫోన్ చేయాలంటే పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉండాలె తమ్మీ. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు, విమానం దిగంగనే మూగబోతది. ఒక్కడికన్నా పోస్ట్‌పెయిడ్ చేయించండి. ఇంకో ముఖ్యమైంది, విదేశీ వీడియోలు చూసి శాటిలైట్ ఫోన్, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం కొని తీస్కపోయేరు. మన దేశంలో అనుమతి లేకుండ అవి ఉంచుకోవద్దు, విమానాశ్రయాల్లో పట్టుకుని కేసులు పెట్టిన్రు. డ్రోన్ కూడా ఇంట్లనే ఉంచండి.

శ్రీనగర్ విమానాశ్రయం నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్ల పైచిలుకు. టంగ్‌మార్గ్ దాకా మామూలు కారు పోతది, ఆ పైన 13 కిలోమీటర్లు ఘాట్, మంచుంటే చక్రాలకు గొలుసులు కట్టిన బండి మారాలె. వాపస్ వచ్చే విమానానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి, మంచు పడితే విమానాలు ఎగరవు. ఆ ఖాళీ రోజు శ్రీనగర్‌లో పొద్దుగాలనే లేచి హరీసా తినండి, రాత్రంతా ఉడికించిన మటన్, తొమ్మిదికల్లా అయిపోతది.

తేదీల సంగతి. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు వాళ్ళకు చిల్లై కలాన్, గట్టి చలి. ఆ తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఇంకో 10 రోజులు చిల్లై బచ్చా. ఫిబ్రవరి మొదటి సగం మామూలుగ మంచిదే. మామూలుగ అంటున్న ఎందుకంటే 2024 జనవరిలో అక్కడ మైదానాలు గడ్డి కనపడేటట్టు ఎండిపోయినయి, నెలాఖరుకు గాని మంచు పడలె. 2025లో మంచు లేక గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌నే ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపిన్రు. విమానం టికెట్ మార్చుకునే వీలున్నదే కొనండి.

సూర్యాపేట_పెద్దాయన
అక్కడ కూడా వానల కోసం మొగులు దిక్కు చూసినట్టే చూస్తరన్నమాట.

వనపర్తి_టు_ఇన్స్‌బ్రుక్
నేను సంక్రాంతికి ఇంటికొస్తున్నా. నా దగ్గర పాత బీకన్లు మూడున్నాయి, ఒక ప్రోబ్, రెండు పారలు పెట్టెలో తెస్తాను. మీకు ఒక్క పూట ఖాళీ ఉంటే ఎక్కడైనా నేర్పిస్తా. మంచు అక్కర్లేదు, తవ్వడానికి ఏదైనా మెత్తని కుప్ప ఉంటే చాలు.

డాక్టరమ్మ_మిర్యాలగూడ
మెత్తని కుప్పా? మా ఊరికి రండి. మా మామయ్య వాళ్ళది రైస్ మిల్లు, వెనక ఊక కుప్ప రెండంతస్తులంత ఉంది.

మూసీగట్టు
(జనవరి, పండగ తర్వాత)
ఇది రాయకపోతే పాపం. నిన్న మిర్యాలగూడ పోయినం. వనపర్తి అన్న ముందే వచ్చి, ఒక గోనె సంచిలో పాత బొంత చుట్టి, లోపల సిగ్నల్ పంపే బీకన్ పెట్టి, ఊకలో ఎక్కడో పూడ్చిపెట్టిండు. మేం కళ్ళు మూసుకుని షెడ్డు వెనక నిలబడ్డం. "మీ దోస్తు లోపలున్నడు, కానివ్వండి" అని గడియారం నొక్కిండు.

మొదటిసారి 21 నిమిషాలు. అంటే మా దోస్తు పోయినట్టే. ఎందుకంత పట్టిందంటే, నవ్వుగాడు తన బీకన్‌ను వెతికే మోడ్‌కు మార్చడం మర్చిపోయిండు, అది కూడా సిగ్నల్ పంపుతనే ఉంది. నేను బీకన్ తెర మీది బాణం గుర్తు పట్టుకుని ఊకలో మోకాళ్ళ దాకా దిగబడుకుంట పోతున్న, దూరం చూపే అంకె తగ్గుతుంది, 12, 9, 5, సంతోషపడుకుంట తలెత్తి చూస్తే ఎదురుగ వీడు నిలబడ్డడు. పది నిమిషాలు నేను వెతికింది వీణ్ణే. మిల్లులో హమాలీలు పని ఆపి చూస్తున్నరు, ఒకాయన వచ్చి "ఏం పడిపోయింది సార్, బంగారమా?" అన్నడు. ఏం చెప్పాలె? "మనిషి" అన్న. ఆయన మొఖం మారిపోయింది, పార తీసుకుని ఉరికొచ్చిండు, ఆపి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

రెండోసారి నా బీకన్ అంకెలు పిచ్చిపిచ్చిగా ఎగిరినయి. అన్న నా జేబులో చెయ్యి పెట్టి ఫోన్ తీసిండు. ఫోన్, బీకన్ ఎప్పుడూ కనీసం 20 సెంటీమీటర్ల దూరం ఉండాలట, వెతికేటప్పుడు 50, కుదిరితే ఫోన్ ఆపేయాలె. ఇంకో సంగతి, బాణం నిన్ను తిన్నగా తీసుకుపోదు, వంపు తిరిగి తీసుకుపోతది, నేను తెలివి చూపించి అడ్డంపడి పోతే మళ్ళీ దూరమైంది. దగ్గరికి వచ్చినంక బీకన్‌ను నేలకు ఆనించి, ముందు నిలువుగ, తర్వాత అడ్డంగ మెల్లగ జరిపి అన్నిటికన్నా చిన్న అంకె పట్టాలె. అక్కడి నుంచి నత్త గుల్ల చుట్లలాగా జానెడు ఎడంతో ప్రోబ్ గుచ్చుకుంట రావాలె. గట్టిగ రాయి తగిలితే తెలుస్తది, మనిషి తగిలితే మెత్తగ వెనక్కి తోస్తది, ఆ బొంతకు తగిలినప్పుడు నా చేతికి అట్లనే తెలిసింది. ఒళ్ళు ఝల్లుమంది.

తవ్వుడు అన్నిటికన్నా కష్టం. పై నుంచి గుంత తీస్తే ఊక మళ్ళీ నిండుతుంది. పల్లం దిక్కు నుంచి అడ్డంగ లోపలికి తొలుచుకుంట పోవాలె, ఒకడు ముందు తవ్వితే ఇంకొకడు వెనక నుంచి ఊడ్చెయ్యాలె. సాయంత్రానికి 8 నిమిషాలు, ఆఖరిసారి 6. ఊక చొక్కాల్లో పోయి రాత్రంతా గోక్కుంటనే ఉన్నం. డాక్టరమ్మ వాళ్ళింట్ల సకినాలు, చాయ్. ఆమెకు వేయి దండాలు.

మా నలుగురిలో ఒకడు రాలేదు. పండక్కి అత్తగారింటికి పోయిండు, "మీరు నేర్చుకుంటే చాలు కదా, నేను మీ వెనక వస్తా" అన్నడు.

వనపర్తి_టు_ఇన్స్‌బ్రుక్
ఆ నాలుగో ఆయన నేర్చుకోకుండా వస్తే మీ ముగ్గురినీ ఆయన కాపాడలేడు, ఆయన్ను మాత్రం మీరు కాపాడాలి. ఈ బేరం మీకు ఒప్పుకోదగ్గదేనా? మొహమాటపడకుండా మాట్లాడుకోండి, విమానం ఎక్కకముందే.

నకిరేకల్_నవ్వు
నేనే మాట్లాడిన. గైడ్ ఎందుకన్నోణ్ణి నేనే కదా, నేను చెప్తే వింటడని. ఆ 21 నిమిషాల వీడియో పంపిన. వాడు కొంగ్‌దూరి దాకనే వస్తడట, రెండో దశ ఎక్కడు. కొంచెం అలిగిండు గాని, పర్వాలేదు.

నల్లమల_నడక
మంచి పని చేశారు. మన భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది, మీరు ఊక కుప్ప నుంచి మొదలుపెట్టారు.

మూసీగట్టు
(ఫిబ్రవరి, గుల్మార్గ్ నుంచి)
అప్‌డేట్. వచ్చి ఆరు రోజులైంది. మొదటి మూడు రోజులు అక్క చెప్పినట్టే ఇన్‌స్ట్రక్టర్‌తో కింద. నాలుగు, అయిదు రోజులు ఆగకుండా మంచు, రెండో దశ మూత. కిటికీ లోంచి చూస్తే ఎదురు హోటల్ రేకులు కూడా కనపడలేదు, గదిలో కాంగ్డీ (కాశ్మీరీల నిప్పుల కుంపటి) కాగుకుంటూ రమ్మీ ఆడినం, ట్రెక్కర్ అన్న నూన్ చాయ్ శాపం తగిలింది. ఇవ్వాళ్ళ పదకొండు గంటలకు తెరిచిన్రు.

గొండోలా దిగంగనే గైడ్ అందరి బీకన్లు ఒక్కొక్కటిగా చెక్ చేసిండు. శిఖరం దిక్కు ఒక పావుగంట స్కీలు భుజానేసుకుని నడిచినం. నేను ఏడాదిగా ఫోటోల్లో చూసుకుంటున్న వాలు అక్కడుంది, ఒక్క గీత లేదు, తెల్లగ, ఎండకు మెరుస్తుంది. గైడ్ అంచు మీద నిలబడి కర్రతో మంచును పొడిచిండు, వంగి చేత్తో తీసిండు, పైన గట్టి పలక, కింద చక్కెర. నవ్వుగాడు నా చెవిలో "రొట్టె" అన్నడు. గైడ్ ఏమీ అనలేదు, చెయ్యి అడ్డంగ ఊపి వెనక్కి తిరిగిండు. మేమూ తిరిగినం. ప్యాట్రోల్ వాళ్ళు తెరిచిన మధ్య భాగంలో నుంచే దిగినం, నడుం దాకా మంచు, నాలుగుసార్లు పడ్డ, ఒకసారి స్కీ ఊడిపోయి దాన్ని వెతకడానికి ప్రోబ్ వాడాల్సొచ్చింది, ఇరవై నిమిషాలు. అయినా మధ్యలో ఒక పదిహేను మలుపులు పడకుండ పోయిన. ఆ పదిహేను చాలు. తొడలు లేస్తలేవు.

ఇంకా రెండు రోజులున్నయి. అమ్మకు ఫోన్ చేసిన, "తిన్నవా" అని తప్ప ఇంకేం అడగలేదు.

సూర్యాపేట_పెద్దాయన
పైలం నాయనా. ఆ అలిగినాయన ఏం చేస్తుండు?

నకిరేకల్_నవ్వు
కింద కొంగ్‌దూరిలో మ్యాగీ తింటుండు. మూడో ప్లేటు.